ఒక అక్షరం ఖాళీ

గంటస్తంభం వెనక సందులో
మేడమెట్ల కింద నా టైపు మిషను.
ఫుల్‌స్టాప్ గట్టిగా కొడితే కాగితానికి చిల్లు పడుతుంది,
అందుకని వాక్యాన్ని మెల్లిగా ఆపుతాను.

ఇన్‌స్టిట్యూట్‌లో చింతాడ మాస్టారు అనేవారు:
ఏ కాలంలో ఎక్కావో ఆ కాలంలోనే దిగాలమ్మా,
పార్వతీపురం బస్సెక్కి
గజపతినగరంలో దిగిపోయి
ఎస్.కోట బస్సుకి చెయ్యెత్తకూడదు.
ఇంగ్లీషు మొత్తంలో నాకు గట్టిగా వచ్చింది ఆ ఒక్కటే.
దాంతోనే ఇరవై రెండేళ్ళు
అర్జీకి ముప్ఫై రూపాయల చొప్పున లాక్కొచ్చాను.

దాలినాయుడి చేతిలో తిరిగొచ్చిన కాగితం.
రాసింది మనవరాలు, తొమ్మిదో క్లాసు.
లేబరాఫీసులో ఎవరో కుర్రాడు
క్రియ కనపడ్డ చోటల్లా ఎర్రపెన్ను పెట్టి
కాలాలు కలవలేదు, తిన్నగా రాయించుకురా అన్నాడట.

చెప్పండి, నేను కొడతాను, అన్నాను.

"మిల్లు మూసీసినారమ్మా."
మూసేశారు. భూతకాలం. బాగుంది.
"ఆరింటికి కూతేస్తాది. లెగుస్తాను."
నా వేళ్ళు ఆగిపోయాయి.
మూసేసిన మిల్లు ఎలా కూస్తుంది?
"కుయ్యదు. నానే లెగిసిపోతాను.
గేటు కాడికెల్తాను."

వెళ్తాను.
రోజూ వెళ్తాననీ అదే, రేపు వెళ్తాననీ అదే.
అలవాటుకీ ఆశకీ ఒకటే మాట పెట్టుకుని
మనం ఇన్నాళ్ళూ హాయిగా సర్దుకుపోయాం.
ఇంగ్లీషు గుమ్మంలోనే నిలబెట్టి అడుగుతుంది:
రోజూనా, రేపా,
ఏదో ఒకటి తేల్చి లోపలికి రా.

నేను మాస్టారి బస్సే ఎక్కించాను.
జూట్ మిల్లులో పనివాడిగా ఉండేవాణ్ణి,
స్పిన్నింగులో పందొమ్మిదేళ్ళు చేశాను,
గేటుకి తాళం పడింది,
ఆరింటికి లేచేవాణ్ణి, గేటు దాకా నడిచేవాణ్ణి.
ఒక్క క్రియ కూడా వరస తప్పలేదు,
బడిపిల్లల్లా చేతులు కట్టుకుని నిలబడ్డాయి.

తెలుగులో చదివి వినిపించాను.
ఆయన తువ్వాలు ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకున్నాడు.
"పెదకర్మ నాడు నా గురించి చెప్పుకున్నట్టుందమ్మా.
ఉండేవోణ్ణి అంటే,
ఇప్పుడు కానని నానే ఒప్పీసుకున్నట్టు కాదా?
తాళం ఆళేసినారు. నాను మానలేదు కదా."

మాస్టారి మాటకి ఇంకో సగం ఉండేది.
కాలం నిజంగా మారితే తప్ప, అని.
ఆయన ఆ సగం చెబుతున్నప్పుడు నేను
కిటికీలోంచి కోటగోడ మీద మేకల్ని చూస్తున్నాను.

తాళానికి మారింది కాలం.
ఆయన కాళ్ళకి మారలేదు.

తెల్లరంగు సీసా మూత బిగుసుకుపోయింది, పంటితో తీశాను.
లేవడానికి ఒక్క అచ్చు మారిస్తే సరిపోయింది.
నడవడానికి తోక చెరిపితే చాలు.
ఉండటం దగ్గరే వచ్చింది చిక్కు.
'వాజ్' మీద పూసి, ఊది, ఆరనిచ్చి
'యామ్' కొట్టాను.
దానికి మూడక్షరాలు, దీనికి రెండే.
పక్కన ఒక అక్షరం మేర తెల్లగా ఉండిపోయింది,
గోడకి దిగ్గొట్టిన మేకు తీసేసిన చోటులా.

"ఆ కుర్రోడు మళ్ళీ గీత గీస్తాడేమో?"
గీస్తాడు, అన్నాను.
రోజూనో రేపో నేనూ తేల్చలేదు.

ముప్ఫైకి ఇరవై ఐదు ఇచ్చి
మిగతా ఐదూ "ఇచ్చీసినట్టే" అన్నాడు.
కాగితం మడవకుండా చొక్కా లోపల పెట్టుకుని
సందు మలుపైనా తిరగకముందే ఫోనెత్తి
"ఒచ్చీసినానే! నెల్లిమర్ల దాటీసినాను" అని ఒక కేక.

అవతల ఆవిడకి ఈ వ్యాకరణం నాకంటే బాగా తెలుసు.
ఎసరింకా పెట్టి ఉండదు.